బస్తర్ మట్టి అడిగిన విరామం

బస్తర్ కొండవాలుల్లో పెండా అని పిలిచే పోడు సేద్యం మట్టిని చంపేస్తుందని అటవీ అధికారులు చాలాకాలం నమ్మారు. నిజానికి నేలను దెబ్బతీసేది నిప్పు కాదు, విరామం కరవవడం. కొమ్మలు కాలినప్పుడు పై పొరలోని ఎంజైములు నశిస్తాయన్న అభ్యంతరం నిజమే. కానీ మట్టి వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు. నాలుగు వేళ్ల లోతున సూక్ష్మజీవులు చాలావరకు బతికే ఉంటాయి. పైన పరుచుకున్న బూడిద ఎర్రమట్టి ఆమ్లత్వాన్ని తగ్గించి భాస్వరం అందిస్తుంది. కొన్ని పంటల తర్వాత ఏళ్ల తరబడి బీడు వదిలితే, రాలిన ఆకు కుళ్లేకొద్దీ ఫాస్ఫటేజ్, యూరియేజ్ వంటి ఎంజైములు మళ్లీ పుంజుకుంటాయి.

ఆ బీడునే వలస పాలకులు ఖాళీ భూమి అనుకున్నారు. 1905లో మూడింట రెండొంతుల అడవిని రిజర్వు చేసి పోడు ఆపాలని ప్రతిపాదించారు. 1910లో భూమ్‌కాల్ అనే తిరుగుబాటు లేచింది. అణచివేశాక కూడా రిజర్వు విస్తీర్ణాన్ని ముందు అనుకున్నదాంట్లో సుమారు సగానికి తగ్గించక తప్పలేదు. బీడు కాలం తగ్గడానికి జనం పెరగడమే అసలు కారణమంటారు కొందరు. పెరిగిన మాట కాదనలేం. అయితే తిరిగే చోటు కుదించాక అదే చెలకకు త్వరత్వరగా రావాల్సిందే కదా!