దెబ్బతిన్న ప్రమాదకర సరుకు పార్సెల్

ప్రమాదకర పదార్థం ఉన్న పార్సెల్ గోదాములో పగిలినా, కారినా, చొట్టపడినా దాన్ని గుర్తించడం, పక్కకు పెట్టడం, భద్రంగా మళ్లీ కట్టడం లేదా పారవేయడం వరకు జరిగే పనులన్నీ దెబ్బతిన్న పార్సెల్ నిర్వహణ కిందికి వస్తాయి.

ఐక్యరాజ్యసమితి ఇలాంటి సరుకులను తొమ్మిది తరగతులుగా విభజించింది. పెట్టె మీది డైమండ్ ఆకారపు లేబుల్ తరగతిని తెలుపుతుంది. ‘యూఎన్’ పక్కనున్న నాలుగంకెల సంఖ్య సరుకు పేరు తేలుస్తుంది. 1203 అంటే పెట్రోలు, 3480 అంటే లిథియం అయాన్ బ్యాటరీలు.

అడుగు తడిసిన పెట్టె కనిపించగానే ఎత్తి చూడటం, వాసన పట్టడం మనిషికి అలవాటు. గోదాముల్లో ముందుగా మాన్పించాల్సింది దీన్నే. సరుకు కదిపే బెల్టు ఆపాలి, మనుషుల్ని దూరంగా పంపాలి, లేబుల్‌నూ నంబరునూ ఎడంగా నిలబడే చదవాలి. అమెరికా, కెనడా, మెక్సికో వాడే అత్యవసర మార్గదర్శి పుస్తకంలో పసుపు అంచు పేజీలు నంబరు వరుసలో ఉంటాయి. అక్కడ దొరికిన సంఖ్యతో నారింజ పేజీకి వెళితే ఏం చేయాలో ఉంటుంది. చూసి కబురు చెప్పేవారికి ఒక శిక్షణ, శుభ్రం చేసేవారికి వేరే శిక్షణ అని అమెరికా నియమాలు తేడా పెట్టాయి. చీపురు చేతిలో ఉన్నంత మాత్రాన ఎవరైనా ఊడ్చేయడానికి వీల్లేదు.

కారిన ద్రవాన్ని దేనితో పీల్పించాలన్నది మరీ కీలకం. నూనె ఒలికితే రంపపు పొట్టు చల్లడం పాత పద్ధతి. నత్రికామ్లం దగ్గర అదే పొట్టు తనంతట తానే అంటుకోవచ్చు. 1973 నవంబర్ 3న న్యూయార్క్ నుంచి స్కాట్లాండ్ వైపు బయల్దేరిన పాన్ అమెరికన్ 160 సరుకు విమానంలో గాజుసీసాల నత్రికామ్లాన్ని చెక్కపెట్టెల్లో పొట్టు దట్టించి పంపారు. పొగ కమ్మిన విమానం వెనక్కి తిరిగి బోస్టన్‌లో దిగబోతూ కూలింది. ముగ్గురు సిబ్బందీ చనిపోయారు. ఆమ్లం కారి పొట్టుతో చర్య జరగడమే పొగకు మూలమని దర్యాప్తు సంస్థ భావించింది. ఆ తర్వాత 1975లో అమెరికాలో ప్రమాదకర సరుకుల రవాణా చట్టం వచ్చింది. ఆమ్లాలకు మండని పీల్పుడు పదార్థాలనే, అంటే వెర్మిక్యులైట్ వంటి ఖనిజాలనే వాడతారు.

కారుతున్న పెట్టెను విప్పకుండా అలాగే పెద్ద డ్రమ్ములో దించి, చుట్టూ తగిన పీల్పుడు పదార్థం నింపి మూస్తారు. ఇదే సాల్వేజ్ డ్రమ్ము. దాని మీద ఆ మాటను కనీసం 12 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాల్లో రాయాలి. రేడియోధార్మిక పార్సెల్ అయితే నిపుణులు వచ్చేదాకా ముట్టరు.

లిథియం బ్యాటరీల తీరు వేరు. పైకి చిన్న సొట్టే ఉన్నా, లోపలి పొర చిట్లితే గంటల తర్వాత కూడా మంట లేవవచ్చు. అందుకే వాటిని మిగతా సరుకుకు దూరంగా ఉంచి కనిపెడుతూ ఉంటారు. వేడెక్కే ప్రమాదమున్న దెబ్బతిన్న బ్యాటరీలను విమానంలో పంపడం నిషిద్ధం.

అమెరికాలో రవాణా సమయంలో ఇలాంటి సరుకు వల్ల మరణం, ఆసుపత్రి చేరిక వంటివి జరిగితే 12 గంటల్లోపు ఫోనులో తెలపాలి. 30 రోజుల్లోపు రాతపూర్వక నివేదిక ఇవ్వాలి.