రామగుండం వెలుగును ఏ తూకంతో తూచాలి?

రామగుండంలో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి 1978 నవంబరు 14న ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. ఆ మరుసటి ఏడు ప్రపంచ బ్యాంకు తన అనుబంధ సంస్థ ఐడీఏ ద్వారా దీనికి అప్పు ఇచ్చింది. 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ నడక మొదలుపెట్టింది. ఏడో యూనిట్ కూడా వచ్చాక కేంద్రం సామర్థ్యం 2600 మెగావాట్లకు చేరింది. బొగ్గు పక్కనే ఉన్న సింగరేణి గనులది, నీరు గోదావరిది, కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నిటిదీ. పేద దేశాల్లో పెట్టిన పెట్టుబడుల్లో ఇది ఫలించినదేనని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. కానీ ఆ ఫలితాన్ని కొలిచిన తీరులో ఒక పెద్ద లోటు ఉంది. మొత్తం లాభమెంతో లెక్కగట్టారు గానీ అది ఎవరికి చేరింది, దాని భారం ఎక్కడ పడింది అన్నది అదే లెక్కల పుస్తకంలో రాయలేదు.

ఆ సంగతి పట్టించుకోవాలని అప్పటి అర్థశాస్త్రవేత్తలకు తెలియక కాదు. పేద దేశాల ప్రాజెక్టులను బేరీజు వేయడానికి ఆర్థికవేత్తలు లిటిల్, మిర్లీస్ 1968లో ఓఈసీడీ కోసం ఒక పద్ధతి రూపొందించారు. బజారు ధర నిజమైన విలువను చెప్పనిచోట, సమాజానికి దాని అసలు విలువను అంచనా కట్టే ఛాయా ధరలు వాడమన్నారు. 1972లో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ కోసం పార్థ దాస్‌గుప్తా, అమర్త్య సేన్, స్టీఫెన్ మార్గ్లిన్ మరో మార్గదర్శి రాశారు. 1975లో ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు స్క్వైర్, వాన్ డెర్ టాక్ ఇంకా సూటిగా చెప్పారు: పేదవాడి చేతికందే రూపాయికి ఎక్కువ తూకం ఇవ్వాలి. ఆచరణలో ఆ తూకం దాదాపు మూలనపడింది. తమ పద్ధతుల వాడకం ఎంతగా తగ్గిపోయిందో 1990లో లిటిల్, మిర్లీస్ స్వయంగా రాసుకున్నారు. ఒకే ఒక్క ప్రతిఫల రేటు చూసి అప్పు మంజూరు చేయడం తేలిక. అందుకే అది నిలిచింది.

విద్యుత్ ప్రాజెక్టుల్లో ప్రయోజనానికి కనీస కొలతగా కరెంటు చార్జీల రాబడినే తీసుకోవడం ప్రపంచ బ్యాంకులో ఆనవాయితీగా ఉండేది. వినియోగదారుడు కట్టే ధరకు తగ్గకుండా అతనికి మేలు జరుగుతుందన్నది దాని వెనుక తర్కం. తర్కం సరైనదే, కానీ తెలుగు నేల మీద అది తడబడుతుంది. 1980లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మోటార్లకు మీటరు లెక్క పోయి, మోటారు హార్స్‌పవర్‌ను బట్టి చార్జీ కట్టే లెక్క వచ్చింది. 2004లో కరెంటే ఉచితమైంది. చార్జీల రాబడే కొలమానమైతే, బోరు కింద పండిన వరిమడి విలువ సున్నా. అదే కొలమానం చిమ్నీల కింది ఊళ్ల బూడిదనూ, నిర్వాసితులు పోగొట్టుకున్న భూముల మీది రాబోయే తరాల బతుకునూ చూడదు. నష్టపరిహారం ఒకసారి చెల్లించే ఖర్చుగా పద్దులో చేరి ముగిసిపోతుంది. ఈ లెక్క రైతు లాభాన్నీ తక్కువ చేసింది, ఊరి నష్టాన్నీ తక్కువ చేసింది.

అదే పట్టణంలో అదే కాలంలో వచ్చిన ఎఫ్‌సీఐ (భారత ఎరువుల సంస్థ) కర్మాగారం కథ వేరు. బొగ్గు నుంచి యూరియా తీసే ఈ కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1999లో మూతపడింది. బొగ్గు చేరువలో ఉన్నంత మాత్రాన లాభం రాదని, యంత్రాలు ఏళ్ల తరబడి నిండుగా నడవాలని అది చూపింది. అదే స్థలంలో 2021లో మొదలైన కొత్త కర్మాగారం ఆర్‌ఎఫ్‌సీఎల్ యూరియాకు బొగ్గు వాడదు, సహజవాయువు వాడుతుంది. నడుమ గడిచిన రెండు దశాబ్దాలు మూతపడిన కర్మాగారం కాలనీల కుటుంబాలకు ఏ పద్దులోకి ఎక్కాయి? ప్రాజెక్టు మొదలయ్యే ముందు వేసిన అంచనాను మూతపడ్డాక తిరిగి తెరిచి చూడకపోతే ఆ ప్రశ్నకు చోటే ఉండదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. బొగ్గు బాయిలు, కర్మాగారాలు లేకుంటే రామగుండాన్ని ఆనుకుని ఉన్న గోదావరిఖని అనే పట్టణమే లేదు కదా, స్థానికులకు మేలు జరగలేదనడం అన్యాయం కదా అంటారు. నిజమే. నెలజీతం, క్వార్టరు, ఆసుపత్రి, పిల్లల చదువు, వారసత్వ ఉద్యోగం ఎన్నో కుటుంబాలను కూలి నుంచి పైకి తెచ్చాయి. నేను వాటిని తీసేయమనడం లేదు, లెక్కలోకి ఇంకా గట్టిగా తెమ్మంటున్నాను. అలా తెస్తే మార్పు కూడా కనిపిస్తుంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గనులతో బొగ్గు అప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువగా, ఏటా ఏడు కోట్ల టన్నుల దాకా వస్తోంది. పర్మినెంట్ ఉద్యోగులు మాత్రం సుమారు నలభై వేలే. 2024లో లాభాల వాటా పంచినప్పుడు పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా తొంభై వేల రూపాయలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికుడికి తొలిసారిగా ఇచ్చింది 5,000 రూపాయలు. టన్నులు పెరిగాయన్న ఒక్క అంకెతో ఈ తేడా బయటపడదు.

రెండో అభ్యంతరం, ఇలా ఎవరికెంతని విడదీస్తే దేశానికి పనికొచ్చే ఏ ప్రాజెక్టూ ముందుకు సాగదని. కానీ విడదీసి చూడటం ఆపడం కాదు. రాష్ట్ర విభజన చట్టం హామీ ఇచ్చిన 4,000 మెగావాట్లలో తొలి 1,600 మెగావాట్లు రామగుండంలోనే వచ్చాయి. ఆ కరెంటులో 85 శాతం తెలంగాణకే. ఎవరికెంతో ముందే తేల్చుకున్నా ఆ ప్రాజెక్టు కట్టడం ఆగలేదు. 2015 గనుల చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి కూడా గని పక్క ఊళ్లకు వాటా ఉందని ఒప్పుకున్నదే. మిగిలిన మెగావాట్లకు కొత్త యూనిట్లు కట్టేముందు మరికొన్ని లెక్కలు తేలాలి. చుట్టుపక్కల పల్లెల్లో ఎందరికి శాశ్వత పని దొరుకుతుంది, బూడిద ఎక్కడికి పోతుంది, దాని వల్ల వచ్చే జబ్బులకు వైద్యం ఎవరి ఖర్చు? ఈ పద్దులు ప్రతిఫల రేటు పక్కనే, అదే నివేదికలో ఉండాలి. పదేళ్ల తర్వాత అదే నివేదికను రామగుండం ఉన్న పెద్దపల్లి జిల్లా ప్రజల ముందు మళ్లీ తెరవాలి.