పిల్లల ఫిట్స్‌కు రెండో మందు రాశారా? మొదటిది ఆపొద్దు

పాపకు ఇన్నాళ్లూ ఒకటే సిరప్. అయినా ఫిట్స్ ఆగలేదని డాక్టర్ ఇంకో మందు రాశారు. ‘కొత్తది వచ్చింది కదా’ అని ఇంట్లో పాతది ఆపేస్తారు. అసలు చిక్కు ఇక్కడే. ఇలా ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఎక్కువై, ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్ ‘యాడ్-ఆన్’ అన్నారంటే పాత మందుకు తోడుగా ఇవ్వమని అర్థం. పాతది తీసేయాలనుకుంటే డోసు మెల్లగా తగ్గిస్తూ వాళ్లే ఆపిస్తారు.

ఫోకల్ ఫిట్స్ అంటే?

మెదడులో ఒక భాగంలో మొదలయ్యేవి. ఒక చెయ్యో, మూతి ఒక పక్కో కొట్టుకోవడం, కళ్లు ఓ వైపు తిరగడం, పిలిచినా పలకకుండా ఉండిపోవడం వంటివి కనిపిస్తాయి. చిన్నపిల్లల్లో గుర్తుపట్టడం కష్టం. ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపిస్తే చాలా ఉపయోగం.

తోడుగా ఏ మందులు?

ఎక్కువగా వాడేది లెవెటిరాసిటామ్. నెల నిండిన పిల్లలకూ ఇస్తారు. కొందరిలో చిరాకు, మొండితనం పెరుగుతాయి. క్లోబజామ్‌తో మగత రావచ్చు. లాకోసమైడ్, బ్రివరాసిటామ్‌లను నెల నిండిన పిల్లలకు వాడేందుకు అమెరికా ఎఫ్‌డీఏ 2021లో అనుమతించింది. సోడియం వాల్‌ప్రోయేట్ వాడుతున్న బిడ్డకు లామోట్రిజిన్ కలిపితే డోసు చాలా నెమ్మదిగా పెంచాలి. ఒంటిపై దద్దుర్లు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. రెండేళ్లలోపు పిల్లల్లో వాల్‌ప్రోయేట్‌తో కాలేయానికి ముప్పు ఎక్కువ. అందుకే డాక్టర్లు ఆచితూచి రాస్తారు.

డోసు బరువును బట్టి ఉంటుంది. బిడ్డ పెరిగితే అదీ మారుతుంది. చీటీలో మిల్లీగ్రాములు ఉంటే మిల్లీలీటర్లు ఎన్నో అడిగి రాయించుకోండి. ఉదాహరణకు మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే సిరప్‌లో 150 మిల్లీగ్రాములంటే 1.5 మిల్లీలీటర్లు. ఇంట్లో టీ స్పూన్‌తో కొలవొద్దు, సిరంజి వాడండి. దుకాణదారు వేరే కంపెనీ సీసా ఇస్తే దానిపై ఎన్ని మిల్లీగ్రాములని ఉందో మళ్లీ చూడాలి.

ప్రభుత్వం తరఫున ఏముంది?

18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షించే ఆర్‌బీఎస్‌కే బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వస్తాయి. వాళ్లు చూసే జబ్బుల్లో ఫిట్స్ కూడా ఉన్నాయి. అవసరమైతే పెద్దాసుపత్రికి పంపిస్తారు. జన ఔషధి దుకాణాల్లో జనరిక్ మందులు తక్కువ ధరకు దొరుకుతాయి. అయితే కంపెనీ మార్చే ముందు డాక్టర్‌కు ఒక మాట చెప్పండి.

సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు తగిన డోసులో వాడినా ఫిట్స్ అదుపులోకి రాకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. అప్పుడు మందులు మార్చుకుంటూ ఏళ్లు గడపడం సరికాదు. ఎంఆర్ఐ, వీడియో ఈఈజీ చేసి, ఆపరేషన్‌కు వీలుందేమో తేల్చగలిగే పిల్లల న్యూరాలజిస్ట్ దగ్గరకు పంపమని అడగండి.

ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెడితే ఫిట్స్ ఆగవు. టైమ్ చూసుకోండి. 5 నిమిషాలు దాటితే డాక్టర్ ముందే రాసిచ్చిన మిడజోలం ముక్కు స్ప్రే ఉంటే చెప్పినట్టు వాడి, 108కి ఫోన్ చేయండి.