దత్తమండలం నుంచి రాయలసీమకు

ఊళ్ళకూ సీమలకూ పేర్లు మార్చడాన్ని మన విమర్శకులు రాజకీయుల గొడవగా వదిలేస్తుంటారు. నిజానికి పేరు కూడా ఒక రచనే. ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఏది దాచారు అని కథనూ కావ్యాన్నీ అడిగినట్టే దాన్నీ అడగవలసి ఉంది.

1800లో నిజాం ప్రభువు బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ కర్నూలు ప్రాంతంలో కొంత భాగాన్నీ ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. తన రక్షణకని కంపెనీ నిలిపిన సైన్యం ఖర్చుకింద చెల్లగట్టిన భూములివి. టిప్పుతో యుద్ధాల తర్వాత 1792, 1799 పంపకాల్లో ఆయనకు దక్కిన నేల, పదేళ్ళు తిరగకుండానే మళ్ళీ చేతులు మారింది. దున్నేవాణ్ణి ఎవరూ అడగలేదు. కంపెనీ దొరలు వీటిని 'సీడెడ్' జిల్లాలన్నారు. వదులుకున్న జిల్లాలని అర్థం. మన పండితులు దాన్ని 'దత్తమండలాలు' చేశారు. దత్తమంటే ఇచ్చినది. ఎందుకిచ్చారో ఆ మాట చెప్పదు. సైన్యం బాకీకి జమకట్టిన నేల, దత్తత పోయిన బిడ్డలా ధ్వనించింది. అనువాదం అమాయకమైన పనేమీ కాదు.

ఆ పేరుకిందనే మన్రో పాళెగాళ్ళను అణచి శిస్తులు నిర్ణయించాడు. ఆ పేరుకిందనే 1876-78 ధాత కరువు వచ్చింది. కానీ అప్పటికే జనం నోట మరో పేరుంది. కంపెనీపై 1846లో తిరగబడి 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డినీ, కరువులో అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డినీ ప్రజలు రేనాటి సూర్యచంద్రులన్నారు. ఆరో శతాబ్దపు కలమళ్ళ శాసనం నాటికే ఉన్న రేనాడు అది. కడప, కర్నూలు ప్రాంతాలకే చెందిన మాట గనుక సీమంతటికీ చాలకపోయి ఉండవచ్చు.

1928 నవంబరులో నంద్యాల ఆంధ్రమహాసభ సందర్భంగా జరిగిన దత్తమండల సభలో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అన్న పేరు సూచించగా సభ ఆమోదించింది. అప్పటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి రెండేళ్ళు. అది ఎక్కడుండాలన్న పేచీ చల్లారలేదు. చదువుల్లో, ఉద్యోగాల్లో కోస్తావారి ఆధిక్యంపై సీమ విద్యావంతులకు అనుమానాలున్నాయి. 1937 శ్రీబాగ్ ఒడంబడికకు దారితీసినవి అవే. అటువంటివారికి 'దత్త' అన్న విశేషణంతో ఎదటివారి ముందు కూర్చోవడం తలవంపు. విచిత్రమేమంటే కొత్త పేరు చెప్పిన నారాయణరావు ఉత్తరకోస్తా మనిషి. పాఠం చెప్పింది అనంతపురంలో 1916లో పెట్టిన దత్తమండల కళాశాలలో. ఆ కళాశాల కూడా తర్వాత ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అయింది.

దొరలు తగిలించిన బిళ్ళను తెంచి పారేసిన ఈ చర్యలో సామ్రాజ్యవాద వ్యతిరేకత ఉంది. ఆ గౌరవం ఇవ్వవలసిందే. కానీ నిజాం, కంపెనీల ముద్ర చెరిపి విజయనగర రాజుల ముద్ర వేసుకున్నారు. మధ్యతరగతి ఆత్మగౌరవం గతంలోకి చూసినప్పుడు దానికి ముందుగా సింహాసనమే కనిపిస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అక్కడి శాసనం లెక్క చెబుతుంది. భాస్కరుడి పేరు ఉంది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ లేదు. సీమకు నిజంగా నీళ్ళిచ్చింది ఆ చేతులు.

పేరు హద్దులు కూడా నిలకడగా లేవు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చాలాభాగం నిజాం ఇచ్చిన నేల కాదు. అయినా అది రాయలసీమలో చేరింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మినహా బళ్ళారి జిల్లాలో చాలాభాగం మైసూరుకు పోయింది. దానితో హంపి కూడా పోయింది. రాయలు పేరులో మిగిలాడు, రాజధాని సరిహద్దు అవతల పడింది.

పాత పేరు మాత్రం పూర్తిగా చావలేదు. సభలు తీర్మానించినా, పాఠ్యపుస్తకాలు మార్చుకున్నా, వ్యాపారం దాన్ని వదల్లేదు. తెలుగు సినిమా పంపిణీదారుల లెక్కల్లో రాయలసీమ ఈనాటికీ 'సీడెడ్', తెలంగాణ ఈనాటికీ 'నైజాం'. రాసిచ్చినవాడి పేరు ఒక వసూళ్ళ గడిలో, రాయించుకున్నవాడి మాట పక్క గడిలో.