తంతి చిరునామా నుంచి డాట్ కామ్ దాకా

ఇప్పటి పిల్లలకు ‘గ్రామ్స్’ అంటే తూకం మాట. మన సర్వీసు రోజుల్లో కంపెనీల, బ్యాంకుల లెటర్‌హెడ్ల మీద ఫోను నంబరు పక్కనే ‘గ్రామ్స్’ అని ఒక పొట్టి మాట అచ్చువేసి ఉండేది. అది ఆ సంస్థ తంతి చిరునామా. టెలిగ్రాములో చిరునామా మాటలకు కూడా డబ్బు లెక్కగట్టేవారు కనుక, తంతి కార్యాలయంలో ఏడాదికింత అని రుసుము కట్టి ఒక మాటను తమ పేర రిజిస్టరు చేయించుకునేవారు. ఆ మాట, దాని పక్కన ఊరి పేరు ఉంటే చాలు, తంతి చేరిపోయేది. 1970లలో డిస్పాచ్ సీటులో ఉన్నప్పుడు ఇటువంటి చిరునామాలు నేను రాసినవి కోకొల్లలు.

ఆ పద్ధతిలో ఒక సౌలభ్యం ఉండేది. ఒక ఊళ్ళో ఒక మాట ఒక్కరికే ఇచ్చేవారు. అయితే విజయవాడలో ఒకరు పెట్టుకున్న మాటనే కాకినాడలో మరొకరు పెట్టుకోవచ్చు. ఊరి పేరు ఇద్దరినీ విడదీసేది, తగవు ఉండేది కాదు. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం సర్వీసు ఆగిపోవడంతో ఆ పేర్లూ పోయాయి.

ఈ పాత ముచ్చట ఎందుకంటే, మన సంఘానికి వెబ్‌సైటు పెట్టాలని కార్యవర్గం తీర్మానించిన సంగతి సభ్యులకు తెలిసిందే. అనుకున్న పేరు కోసం చూస్తే, వేరే రాష్ట్రపు పెన్షనర్లు ఏనాడో తీసుకుని ఉన్నారు. “మన పేరు వాళ్ళకెలా ఇస్తారు?” అని కొందరు మిత్రులు కోపగించారు. “ఒక అక్షరం అటూ ఇటూ చేసి అదే పెట్టేద్దాం” అని మరికొందరు అన్నారు. ఈ రెండు మాటలకూ జవాబు ఈ పేర్ల చరిత్రలోనే ఉంది.

మొదట్లో అమెరికాలో కంప్యూటర్లను కలిపిన అర్పానెట్‌లో ఉన్నవి కొద్ది యంత్రాలే. వాటి పేర్లన్నీ ఒకే జాబితాగా కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉండేవి. ఎలిజబెత్ ఫైన్‌లర్ అనే ఆమె బృందం దాన్ని చూసుకునేది. కొత్త యంత్రం వస్తే అక్కడ పేరు ఎక్కించుకోవాలి. ఒక్కమాటలో చెప్పాలంటే అది మన ఇన్‌వర్డ్ రిజిస్టరు వంటిది. యంత్రాలు పెరిగేసరికి ఆ ఒక్క రిజిస్టరుతో పని జరగలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్, జాన్ పోస్టెల్ అనేవారు పేరును మెట్లుగా విడగొట్టే ఏర్పాటు చేశారు. వ్యాపారానికి కామ్, విద్యకు ఎడ్యు, ప్రభుత్వానికి గవ్, దేశానికి రెండక్షరాలు చొప్పున వచ్చాయి. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే కంప్యూటర్ కంపెనీ తీసుకున్నదే మొదటి డాట్ కామ్ పేరు.

అప్పుడు పెట్టుకున్న నియమం ముందు వచ్చినవారికి ముందు అన్నదే. పేరు నీదేనా, ఆ పేరుతో ఏమి చేస్తావు అని అడిగే సెక్షన్ ఏదీ లేదు. పైగా 1995 సెప్టెంబరు దాకా రుసుము కూడా లేదు. ఆ తరువాతే రెండేళ్ళకు వంద డాలర్లు పెట్టారు. ఇంటర్నెట్ వ్యాపారానికి పనికొస్తుందని పెద్ద కంపెనీలు గ్రహించేసరికే చాలా పేర్లు పోయాయి. 1994లో జాషువా క్విట్నర్ అనే పత్రికా రచయిత సరదాకు మెక్‌డొనాల్డ్స్ డాట్ కామ్ తన పేర రాయించుకుని, ఏం చేయమంటారని పాఠకులనే అడిగాడు. చివరకు ఆ కంపెనీ ఒక బడికి కంప్యూటర్ల నిమిత్తం 3,500 డాలర్లు ఇచ్చి పేరు తెచ్చుకుంది. అంత చవకగా బయటపడ్డవారు తరువాత తక్కువే.

అన్నిటికన్నా విచిత్రం నిస్సాన్ వ్యవహారం. నార్త్ కరోలినాలో ఉజి నిస్సాన్ అనే ఆయనకు చిన్న కంప్యూటర్ వ్యాపారం ఉండేది. నిస్సాన్ ఆయన ఇంటిపేరు. 1994లో నిస్సాన్ డాట్ కామ్ తీసుకున్నాడు. 1999లో జపాను కార్ల కంపెనీ కోటి డాలర్లకు దావా వేసింది. ఎనిమిదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగినా పేరు ఆయనకే మిగిలింది. 2020లో ఆయన కాలం చేసేనాటికి కూడా అది ఆయనదే. అంత పెద్ద కంపెనీ అమెరికాలో తన పేరు పక్కన ‘యూఎస్ఏ’ తగిలించి సర్దుకోవలసి వచ్చింది. మన తంతి చిరునామా పక్కన ఊరి పేరు రాసినట్టే కదా! విద్యుత్ కార్ల టెస్లా సైతం చాలాకాలం ‘టెస్లా మోటార్స్’ పేరుతోనే నెట్టుకొచ్చి, 2016లో గాని ఒట్టి టెస్లా పేరు కొనుక్కోలేకపోయింది.

ఇక అక్షరం అటూ ఇటూ చేసే సంగతి. దీని మీద మన సుప్రీంకోర్టు తీర్పే ఉంది, అదీ తెలుగువారికి బాగా తెలిసిన పేరు మీద. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు చెందిన సత్యం ఇన్ఫోవే, తన పేరులోని అక్షరాలు కూర్చి ‘సిఫీ’ అని మాట కట్టి, 1999లో సిఫీనెట్ వంటి పేర్లు రిజిస్టరు చేయించింది. రెండేళ్ళ తరువాత మరొక కంపెనీ ఇంగ్లీషులో ‘ఎఫ్’ అక్షరాన్ని రెండుసార్లు రాసి ‘సిఫ్ఫీనెట్’ తీసుకుంది. ఇదేమిటంటే, మా అయిదుగురు ప్రమోటర్ల పేర్ల మొదటి అక్షరాలివి అని జవాబు చెప్పింది. బెంగళూరు సివిల్ కోర్టు సత్యం పక్షాన ఉత్తర్వు ఇచ్చింది, కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2004 మే 6న సుప్రీంకోర్టు మళ్ళీ కింది కోర్టు ఉత్తర్వునే నిలబెట్టింది. ఈ పేర్ల కోసమని ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి సరుకును మరొకరిదని నమ్మించకూడదన్న ట్రేడ్‌మార్కు న్యాయం వీటికీ వర్తిస్తుందని చెప్పింది. అయిదుగురి అక్షరాల కథను కోర్టు నమ్మలేదు. నా సర్వీసులో ఎన్నో ఎక్స్‌ప్లనేషన్లు చదివిన అనుభవంతో చెబుతున్నాను, నేనూ నమ్మేవాణ్ణి కాను.

జస్టిస్ రుమాపాల్ రాసిన ఆ తీర్పులో మనకు పనికివచ్చే మాట ఇంకొకటి ఉంది. ట్రేడ్‌మార్కు ఒక దేశంలో ఒకరికి, మరో దేశంలో మరొకరికి ఉండవచ్చు. వెబ్ పేరు అలా కాదు, ప్రపంచమంతటికీ ఒకటే. తంతి రోజుల్లో ఊరు చేసిన పని ఇక్కడ చేసేవాళ్ళు లేరు. దాన్ని మనమే పేరులో చేర్చుకోవాలి. అన్నట్టు, 2009లో సత్యం కంప్యూటర్స్ ఏమైందో అందరికీ తెలుసు. అంతకుముందే చేతులు మారిన సిఫీ మాత్రం నేటికీ ఉంది.

ఈ ఇబ్బంది ప్రభుత్వాలకూ తప్పలేదు. ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అంటే మన ఆంధ్రప్రదేశ్. పొడి అక్షరాలు చూస్తే అరుణాచల్ ప్రదేశ్ కూడా ఏపీయే. వాళ్ళు రాష్ట్రం పేరు పూర్తిగా రాసుకున్నారు. దానివల్ల వారికి వచ్చిన లోటేమీ లేదు, పైగా ఎవరూ పొరబడరు.

కనుక నా అభిప్రాయం ఇది. మనం కోరిన పేరు తీసుకున్నవారు దొంగలు కారు, మనలాంటి పెన్షనర్లే. వారి పేరును కాస్త మార్చి పెట్టుకుంటే వారి సభ్యులు మన దగ్గరకు, మన సభ్యులు వారి దగ్గరకు పోతారు. జిల్లా పేరు చేర్చి, చివర డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ పెట్టుకుంటే సరి. డాట్ ఇన్ పేర్లు 2005 నుంచి అందరికీ సులువుగా దొరుకుతున్నాయి. తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేరు కూడా తీసుకోవచ్చు గాని, మనలో చాలామందికి ఫోనులో తెలుగు టైపు చేయడం కష్టం. అది రెండో పేరుగా ఉంటే చాలు.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. ఏటా నవంబరులో మనం లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ అసలు చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉంటుంది. అది ప్రభుత్వానికి తప్ప ఎవరికీ ఇవ్వరు. దాన్ని పోలిన పేరుతో ఎవరైనా పేజీ పెట్టి ఆధార్ నంబరు, పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా అడిగితే కళ్ళజోడు సరిచేసుకునేలోగా పెన్షన్ పోతుంది. పోలిక పేర్లను నమ్మవద్దని సభ్యులకు చెప్పవలసిన సంఘమే పోలిక పేరు పెట్టుకుంటే ఎలా?

కార్యవర్గానికి మరొక మనవి. పేరును కార్యదర్శి పేరనో, వెబ్‌సైటు చేసిపెట్టిన కుర్రవాడి పేరనో కాక సంఘం పేరనే రిజిస్టరు చేయించాలి. ఇది కొనుక్కున్న ఆస్తి కాదు, గడువు ఉన్న లైసెన్సు వంటిది. గడువు దాటి పునరుద్ధరించకపోతే కొంతకాలానికి ఎవరైనా తీసుకోవచ్చు. ఆ తేదీని చందా రిజిస్టరు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసి, కార్యవర్గం మారినప్పుడు చార్జి లిస్టులో చేర్చాలి.