స్వరం ఒకటే, గొంతులు వేరు: పాత కంప్యూటర్ ఆటల వాద్యపేటికల కథ

స్వరాన్ని కాగితం మీద వ్రాయవచ్చును గాని గొంతును వ్రాయలేము. ఈ సంగతి సంగీతం తెలిసిన వారికి చెప్పనక్కరలేదు. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు గారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగులో అచ్చయినప్పుడు అందులో స్వరాలతోపాటు గమకాలకు కూడా గుర్తులు ఉన్నవి. గుర్తులు లేని ఒట్టి స్వరాలను ఇద్దరు పాడితే రెండు పాటలవుతవి గదా! ఇటువంటి చిక్కే ఎనభై ఏళ్ల తరువాత కంప్యూటర్ ఆటల సంగీతానికీ వచ్చినది.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్‌లో ఉన్నది ఒక చిన్న స్పీకరు మాత్రమే. అది ఒకసారికి ఒకే స్వరం కూయగలదు. ఆ రోజులలోనే అమెరికాలో డేవ్ స్మిత్, జపానులో రోలాండ్ కంపెనీ స్థాపకుడు ఇకుతారో కాకెహాషి మరొక పనిలో ఉన్నారు. ఒక కంపెనీ కీబోర్డు చెప్పిన మాట మరొక కంపెనీ కీబోర్డుకు తెలియాలన్నది వారి పట్టుదల. 1983 జనవరిలో అమెరికాలోని ఒక వాద్య ప్రదర్శనలో ఇద్దరి కీబోర్డులను ఒక తీగతో కలిపి చూపినారు. ఆ ఏర్పాటు పేరే మిడి.

మిడి తీగలో ధ్వని ప్రవహించదు, ఆజ్ఞలు ప్రవహిస్తవి. ఏ మీట నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి, ఎన్నవ నంబరు వాద్యం పలకాలి, ఇంతే. అందుచేత ఒక పాట ఫ్లాపీలో స్వల్పమైన చోటులో ఇమిడిపోయేది. పాడే భారమంతా అవతలి పెట్టెదే.

ఆ పెట్టెలలో మొదట పేరు పొందినది 1987లో రోలాండ్ వారు తెచ్చిన ఎం.టి.-32. దీనిని ఆటల కోసం చేయలేదు. ఇంటివద్ద సంగీతం కూర్చుకొనే వారికోసం చేసినారు. అప్పట్లో మెమొరీ ఖరీదైనది గనుక ఒక ఉపాయం పన్నినారు. తీగ మీటిన మొదటి క్షణంలోని దెబ్బను బట్టియే చెవి చాలావరకు వాద్యాన్ని పోల్చుకుంటుంది. ఆ దెబ్బను మాత్రం నిజమైన వాద్యం నుండి రికార్డు చేసి, తరువాతి నాదాన్ని యంత్రంచేత పుట్టించినారు. ఇంతేగాక, సంగీతకర్త తనకు కావలసిన కొత్త ధ్వనులను 64 వరకు ఆ పెట్టెలోకి పంపి నింపవచ్చును. 1988లో సియెర్రా కంపెనీ ‘కింగ్స్ క్వెస్ట్ 4’ ఆటకు విలియం గోల్డ్‌స్టీన్ చేత సంగీతం చేయించినప్పుడు ఆటల లోకానికి ఈ పెట్టె రుచి తెలిసినది.

అయితే దాని ధర 695 డాలర్లు. సామాన్యులు కొన్నది 1987లోనే వచ్చిన యాడ్‌లిబ్ కార్డును, 1989లో సింగపూరు వారు తెచ్చిన సౌండ్ బ్లాస్టర్‌ను. రెండింటిలోను ఉన్నది యమహా వారి ఒకే చిప్పు. తొమ్మిది స్వరాలు, లోహపు మ్రోత. కర్త ఒక పెట్టెకు వ్రాసినాడు, శ్రోత మరొక కార్డులో విన్నాడు.

1991లో జనరల్ మిడి అనే ప్రమాణం వచ్చినది. 128 వాద్యాలకు నంబర్లు స్థిరపడినవి. ఆ ఏడే వచ్చిన రోలాండ్ సౌండ్ కాన్వాస్ ఎస్.సి.-55లో 16 భాగాలు, ఒకేసారి 24 స్వరాలు కలవు. వాద్యాలన్నీ రికార్డు చేసిన ధ్వనులే గనుక వయొలిను వయొలినుకు దగ్గరగా పలికినది. 1993లో రాబర్ట్ ప్రిన్స్ సంగీతంతో వచ్చిన ‘డూమ్’ ఈ కాలపుదే.

అయితే కొత్తది పాతదానికి బదులు పనిచేయునా? పనిచేయదు. ఎం.టి.-32లో 9వ నంబరు ఆర్గన్. జనరల్ మిడిలో అదే నంబరుకు చిరుగంటల వంటి సెలెస్టా మ్రోగుతుంది. పాత ఆట పంపే సొంత ధ్వనులు కొత్త పెట్టెకు అర్థమే కావు. కనుక 1991కి ముందటి ఆటలకు ఎం.టి.-32, తరువాతి వాటికి ఎస్.సి.-55 అని స్థూలంగా చెప్పుకొనవచ్చును. ఏది గొప్పదన్న ప్రశ్న కన్న, ఈ పాట ఏ గొంతు కోసం పుట్టినదన్న ప్రశ్నయే సరియైనది.

తరువాత సీడీలు వచ్చి, రికార్డు చేసిన సంగీతమే ఆటలలో చేరినది. పెట్టెలు మూలపడినవి. ఇప్పుడు అభిమానులు పాతవాటిని వెదకి కొని, పాడయిన భాగాలు మార్చి వింటున్నారు. పెట్టె దొరకని వారికి ఎం.టి.-32ను అనుకరించే మంట్ అనే ప్రోగ్రాము ఉన్నది. దానికి కూడా అసలు పెట్టెలోని చిప్పుల సమాచారం కావలెను. మూలం నశిస్తే అనుకరణకు ఆధారం లేదు.

కాకెహాషి 2017లోను, స్మిత్ 2022లోను కన్నుమూసినారు. వారి మిడి ఇప్పటికీ వాడుకలో ఉన్నది. పాటలన్నీ అంకెల రూపంలో భద్రంగానే ఉన్నవి, పోయేవి గొంతులు. పరాయి గడ్డమీద తరతరాలుగా తెలుగు పలుకుతున్న మనకు ఈ మాట వేరే విప్పి చెప్పవలెనా? పుస్తకంలో అక్షరం ఉండగానే సరిపోదు, పలికే నోరు ఉండవలెను. ఈ ఉగాదినాడు మన యిళ్లలో పెద్దల గొంతులను పిల్లలు వినెదరు గాక!