చీపురు కాంట్రాక్టు

రైల్వేలోకి ప్రైవేటు ఎప్పుడొచ్చిందని అడిగితే చదువుకున్నవాళ్లు 2019 అక్టోబర్ అంటారు. లక్నో - ఢిల్లీ తేజస్ రైలును ఐఆర్‌సీటీసీ చేతికిచ్చిన నెల అది. కొందరు 2020 జులై అంటారు, 151 ప్రైవేటు రైళ్లకు కంపెనీలను పిలిచిన నెల. మా నాయిన లెక్క వేరు. "చీపురు కాంట్రాక్టుకిచ్చిన నాడే వొచ్చింది బిడ్డా" అంటడు.

నాయిన మాదిగ. బీబీనగర్ - నడికుడి లైను పనుల్లో కూలికి పోయి కంకర మోసిండు. పని అయిపోతే ఇంటికి పంపుడే. మళ్లీ పిలిస్తే మళ్లీ కొత్త కూలీయే. 1974 మే 8 నుంచి 27 దాకా జరిగిన రైల్వే సమ్మె డిమాండ్లలో బోనస్, ఎనిమిది గంటల పనితోపాటు క్యాజువల్ కూలీల పర్మినెంటు కూడా ఉంది. ప్రభుత్వం సమ్మెను జైళ్లతో అణిచింది. కూలీల మాట కాయితం మీదనే మిగిలింది. 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి, 360 రోజులు చేసిన ప్రాజెక్టు కూలీలను తీసుకోవడం మొదలైనంకనే నాయిన గ్యాంగ్‌మన్ అయిండు. ఆ జీతంతోనే నేను డిగ్రీ చదివిన. మా ఇంటిపేరులో మొదటి డిగ్రీ నాదే.

యూనియన్ల చేరిండు. చందా రసీదులు కోసుడు, జెండా కట్టుడు, మీటింగులకు మందిని తోలుడు. పదిహేనేండ్లకు బ్రాంచిల సహాయ కార్యదర్శి. కారుతున్న క్వార్టర్లు, మెమోలు, పట్టాల మీద సచ్చిపోయినోళ్ల పిల్లలకు ఉద్యోగాలు, ఇవన్నీ రాత్రిపూట మా అరుగు మీదికి వచ్చేవి. తొమ్మిదో తరగతి నుంచి దరఖాస్తులు నేనే రాసేదాన్ని. (నాకు ఇంగ్లీషు వచ్చింది బడిలో కాదు, అక్కడ.)

స్టేషన్ల సఫాయి చేసే మా చిన్నతాత రిటైరైతే ఆ పోస్టు నింపలేదు. అదే ప్లాట్‌ఫారం ఊడ్వడానికి కాంట్రాక్టరు మా చిన్నమ్మను పెట్టుకున్నడు. తాతకు జీతం, పాసు, పింఛను. చిన్నమ్మకు దినకూలి. కాంట్రాక్టుకు రోస్టరు ఉండదు కాబట్టి రిజర్వేషన్ పోయింది. చీపురు పట్టే కులం మాత్రం మారలేదు. 2013 చట్టం పాకీపని నిర్వచనంలో రైలు పట్టాలను పేరుపెట్టి చెప్పింది. కానీ తగిన పరికరాలు, రక్షణ తొడుగులు ఇస్తే అది పాకీపని కింద రాదని అదే చట్టంలో సందు పెట్టారు.

నాయిన ఈ సంగతి బ్రాంచి మీటింగుల లేవనెత్తిండు. "వాళ్లు మన మెంబర్లు కారు, కూసో" అన్నడు పెద్ద నాయకుడు. నాయిన కూసున్నడు. పట్టా మీద ఎవరికీ బెదరని మనిషి. "ఎందుకు కూసున్ననో నాకే తెల్వదు" అని ఇప్పటికీ అంటడు. నాకు తెలుసు. సహాయ కార్యదర్శి కుర్చీ దాకా రానిచ్చిండ్రు, దాన్ని పోగొట్టుకోవాలంటే భయమయింది. నేను ఆయన ముందర ఈ మాట అనలేదు.

2007లో యూనియన్ గుర్తింపుకు రహస్య ఓటింగ్ వచ్చింది. నాయిన ఓట్ల కోసం క్వార్టర్లన్నీ తిరిగిండు. చిన్నమ్మకు ఓటు లేదు.

ఆ 151 రైళ్ల టెండర్లు స్పందన లేక ఆగిపోయినయి. మా స్టేషన్ చీపురు టెండరు ఒక్కసారి కూడా ఆగలేదు. నలుగురు కాంట్రాక్టర్లు మారారు. నాయిన రిటైరై పదేండ్లయింది. మొన్న చిన్నమ్మ పీఎఫ్ కోసం దరఖాస్తు రాయమన్నడు. మొదటి కాంట్రాక్టరు పేరేందని ఆమెను అడిగిన. యాదికి లేదన్నది. ఆ జాగ ఖాళీగా వదిలి మిగతాది రాసిన.